ఎముకలు చెప్పిన భూసేతువుల కథ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన విజ్ఞానోపన్యాసము)

 

ఒంటె అనగానే రాజస్థానపు ఇసుకతిన్నెలును, అరేబియా ఎడారులును మనస్సునకు తోచును. ఉత్తర అమెరికాలో నేడు అడవి ఒంటె ఒక్కటియు లేదు. అయినను ఒంటెల వంశచరిత్రను తెలిసికొనగోరి అరేబియాకు పోయినవానికి ఆ చరిత్రలోని కడపటి పుటలు మాత్రమే లభించును. మొదటి పుటలన్నియు ఉత్తర అమెరికాలోని రాళ్ళలో దాగియున్నవి. 4 కోట్ల సంవత్సరములకు పూర్వమే అచట కుందేలంత ప్రమాణముగల ఒంటె పూర్వజములు సంచరించినవి. వాని సంతతి క్రమముగా పెరిగి, కొన్ని ఆసియాకు చేరి నేటి ఒంటెలైనవి. కొన్ని దక్షిణ అమెరికాకు చేరి లామాలైనవి. పుట్టింట మిగిలినవి సుమారు 12 వేల సంవత్సరముల క్రిందట నశించినవి. ఒంటెకు ఱెక్కలు లేవు, ఓడ నడుపు నేర్పు లేదు. అట్టి జంతువు అమెరికానుండి ఆసియాకు ఏ దారిన వచ్చినది? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము భూసేతువు. రెండు భూభాగములను కలుపుచు ఒకప్పుడు సముద్రముపైకి తేలియుండి, పిదప మునిగిన నేలకు భూసేతువని పేరు. మునిగిన వంతెనను కంటితో చూచుటకు వీలులేదు గావున దానిపై నడచినవారి సాక్ష్యమును విచారింపవలెను. నడచిన జంతువులు ఏనాడో గతించినవి. కాని వాని ఎముకలును పండ్లును బురదలో పూడి, వాని సందులలో ఖనిజములు చేరి, కాలక్రమమున ఱాయివలె గట్టిపడినవి. వీనినే శిలాజములందురు.

ఈ విచారణలో క్షీరదములకు, అనగా పిల్లలకు పాలిచ్చి పెంచు జంతువులకు, ప్రత్యేకమైన స్థానము కలదు. పక్షి ఎగిరిపోగలదు. గింజను గాలియు నీరును మోసికొనిపోవును. కాని గుఱ్ఱము, ఖడ్గమృగము, ఎలుగుబంటి వంటివి ఖండాంతరమునకు పోవలెనన్న కాలినడకనే పోవలెను. మఱియు క్షీరదముల పండ్లు మిక్కిలి గట్టివి. శరీరమంతయు మట్టిలో కలిసిపోయినను పన్ను నిలుచును. ఒక్కొక్క జాతి పంటికి ఒక్కొక్క తీరు కలదు గావున నిపుణుడు పంటిని చూచి జంతువును చెప్పగలడు.

అయినను న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుట ఎట్లు తగదో, ఇచటను అట్లే తగదు. వంతెన దాటి వచ్చిన జంతువులను గూర్చి అడుగుట సులభము. రాకపోయిన జంతువులను గూర్చి కూడ అడిగినవాడే సత్యమునకు సమీపించును. ఈ రెండవ ప్రశ్నను మఱచుటవలన పండితులు సైతము లేని ఖండమును సృష్టించిరి. ఆ కథకు ముందు నిజమైన వంతెనలను రెండుమూడింటిని పరిశీలించుట మంచిది.

అన్నిటికంటె దగ్గఱిది సింహళమునకు పోవు దారి. అక్కడి రత్నపుర ప్రాంతమున రత్నములకొఱకు గోతులు త్రవ్వునప్పుడు ఒండ్రుమట్టి పొరలలో నీటిగుఱ్ఱము, ఖడ్గమృగము, సింహము మున్నగువాని ఎముకలు బయల్పడినవి. వీనిని దెరణియగల అను సింహళ శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఈ జంతువులలో ఏదియు నేడు ఆ ద్వీపమున అడవిలో లేదు. అవి అచటికి చేరిన విధమును సముద్రపు లోతే చెప్పును. భారతదేశమునకును సింహళమునకును నడుమ సముద్రము మిక్కిలి తక్కువ లోతు. హిమయుగములలో నీరు గొప్ప మంచుదిబ్బలై ఉత్తరపు భూములపై నిలిచిపోయినందున సముద్రమట్టము తగ్గెను. సుమారు 20 వేల సంవత్సరముల క్రిందట అది నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండెను. అంతటి తగ్గుదలకు ఈ నడిమి సముద్రము ఎండి మైదానమైనది. ఇచట ఎముకయు, సముద్రపు లోతును ఒకే మాట చెప్పుచున్నవి.

రెండవది బేరింగు జలసంధి. ఆసియా ఈశాన్యపు కొనకును, అమెరికాలోని అలాస్కాకును నడుమ 85 కిలోమీటర్ల వెడల్పుగల సముద్రమున్నది. దాని లోతు సుమారు 50 మీటర్లు మాత్రమే. హిమయుగమున ఇచట తేలిన నేల పేరునకు వంతెనయే గాని, ఉత్తర దక్షిణములుగా 1000 కిలోమీటర్లకు మించిన విశాలమైన గడ్డిమైదానము. 1937లో హుల్టెన్ అను స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి బెరింగియా అని పేరు పెట్టెను. ఆసియానుండి మామత్ అను రోమపుటేనుగు, బైసన్ అను అడవిదున్న జాతి, వాని వెనుక మనుష్యుడును ఈ దారినే అమెరికాకు పోయిరి. అమెరికానుండి ఒంటెయు గుఱ్ఱమును ఈ దారినే ఆసియాకు వచ్చినవి.

గుఱ్ఱపు కథ ప్రత్యేకముగా చెప్పదగినది. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ గుఱ్ఱము ఐరోపాలో పుట్టినదని నమ్మియుండెను. 1876లో అతడు అమెరికాకు పోయి యేల్ విశ్వవిద్యాలయమున మార్ష్ పండితుడు సేకరించిన శిలాజములను చూచెను. నక్కంత ప్రమాణముతో, ముంగాలికి నాలుగు వ్రేళ్ళు గల జంతువు మొదలుకొని ఒంటి గిట్ట గల గుఱ్ఱము వఱకు వరుస తప్పక అచట నిలిచియుండెను. హక్స్‌లీ తన పూర్వాభిప్రాయమును విడిచి, గుఱ్ఱపు జన్మభూమి అమెరికాయే అని అంగీకరించెను. తాను ప్రకటించిన మాటను ప్రమాణము చూపగనే మార్చుకొనుట విద్వాంసునకు అవమానము కాదు, అలంకారము.

ఈ వలస గుఱుతులు భారతదేశమునను కలవు. హిమాలయ పాదమునగల శివాలిక్ కొండలలో ఫాల్కనర్, కాట్లీ అను ఇరువురు 1830 నాటినుండి గొప్ప శిలాజరాశిని వెలికితీసిరి. ఆ కొండల దిగువ పొరలలో మూడు వ్రేళ్ళ గుఱ్ఱపు ఎముకలు సుమారు 1 కోటి 10 లక్షల సంవత్సరములనాటినుండి కనబడును. ఒంటి గిట్ట గుఱ్ఱము పై పొరలలో, సుమారు 25 లక్షల సంవత్సరములనాటినుండి మాత్రమే కనబడును. ఒంటె ఎముకలును పై పొరలవే. అనగా అమెరికానుండి వలస ఒక్కసారి జరిగినది కాదు. వంతెన లేచినప్పుడెల్ల ఒక్కొక్క గుంపు దాటినది. సుమారు 10 వేల సంవత్సరముల క్రిందట గుఱ్ఱము తన పుట్టింట నశించినది. 1519లో స్పెయిను సేనాని కోర్టెజ్ మెక్సికో తీరమున గుఱ్ఱములను దింపినప్పుడు అచటి ప్రజలు వానిని వింతమృగములని చూచిరి. ఎవరికిని వింతయైన ఆ జంతువు నిజమునకు తన తాతలనాటి నేలపై మరల కాలు మోపినది.

మూడవది పనామా భూసంధి. ఇది మునిగిన వంతెన కాదు, లేచిన వంతెన. కోట్ల సంవత్సరములు దక్షిణ అమెరికా నలుదిక్కుల సముద్రముతో ద్వీపమైయుండెను. సుమారు 30 లక్షల సంవత్సరముల క్రిందట పనామా నేల పూర్తిగా పైకి లేచి రెండు అమెరికాలను కలిపెను. ఉత్తరమునుండి గుఱ్ఱము, లామా పూర్వజము, లేడి, ఎలుగుబంటి, పులిజాతులు దక్షిణమునకు దిగినవి. దక్షిణమునుండి పెంకుకవచముగల ఆర్మడిల్లో, సంచిలో పిల్లలను మోయు ఒపాసమ్, భూమిపై నడచు మహాకాయములైన స్లాత్ జంతువులు ఉత్తరమునకు ఎక్కినవి. 1832లో డార్విన్ అర్జెంటీనా తీరమున ఏనుగంతటి స్లాత్ ఎముకలను చూచి ఆశ్చర్యపడెను. అంతకు పూర్వమే 1797లో జెఫర్సన్, పిదప అమెరికా అధ్యక్షుడైనవాడు, వర్జీనియా గుహలో దొరకిన పెద్ద గోళ్ళను చూచి అవి మహాసింహమువని భావించెను. రెండేండ్లకే అవి స్లాత్ గోళ్ళని తేలినది. ఆ జాతి స్లాత్ పూర్వజములు వంతెన పూర్తికాకముందే దీవినుండి దీవికి దాటి ఉత్తరమునకు చేరినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఈ చిన్న విషయమునందే ఒక పెద్ద సూత్రమున్నది. 1940లో అమెరికా పండితుడు సింప్సన్ దానిని స్పష్టముగా విడదీసి చెప్పెను. జంతువులు ఖండములు మారు దారులు మూడు విధములు. మొదటిది రాజమార్గము. విశాలమైన నేల కలిసియున్నచో ఆవలి జంతువులన్నియు ఈవలికి వచ్చును. రెండవది జల్లెడ. చలిగాని, ఎడారిగాని అడ్డమైనచో కొన్నింటిని పోనిచ్చి కొన్నింటిని ఆపును. బేరింగు వంతెన అట్టిది. చలికి ఓర్చిన మామత్ దాటినది. వేడినేలల జంతువులు దాటలేదు. మూడవది లాటరీ. సముద్రము అడ్డమైయున్నను, వరదకు కొట్టుకొనిపోయిన చెట్లగుంపుపై చిక్కిన చిన్న జంతువు, లక్షల సంవత్సరములలో ఎన్నడో ఒక్కసారి ఆవలి గట్టు చేరవచ్చును. కావున ఒకటిరెండు జాతులు మాత్రమే చేరి తక్కినవేవియు చేరనిచో అచట వంతెన ఉండెనని చెప్పుట సాహసము.

ఈ మూడు కొలతలను చేతబట్టి లేని ఖండపు కథను పరికింపవచ్చును. మడగాస్కరు ద్వీపమున లీమర్లను జంతువులు కలవు. ఇవి కోతులకు దూరపు బంధువులు. వీనికి బంధువైనదే తెలుగుదేశపు అడవులలో రాత్రివేళ పెద్ద కన్నులతో కొమ్మలపై మెల్లమెల్లగా ప్రాకు దేవాంగపిల్లి. నడుమ హిందూమహాసముద్రము. ఇది చూచి 1864లో స్క్లేటర్ అను ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు, ఆ సముద్రమున ఒకప్పుడు గొప్ప ఖండముండి మునిగిపోయెనని ఊహించి, దానికి లీమర్ల పేరనే లెమూరియా అని పేరు పెట్టెను. ఆ కాలమున అది అసంగతమైన ఊహ కాదు. కాని జర్మను పండితుడు హెకెల్ మానవుడును అచటనే పుట్టియుండవచ్చుననెను. 1888లో ఆ పేరు దివ్యజ్ఞాన సమాజమువారి గ్రంథములకు ఎక్కినది. తమిళదేశమున కొందఱు దానిని తమ ప్రాచీన గాథలలోని మునిగిన నేలతో జోడించిరి. ఒక శాస్త్రజ్ఞుని ఊహ ఇట్లు జనుల విశ్వాసమైనది.

ఇప్పుడు రెండవ ప్రశ్న అడుగవలెను: రాని జంతువులేవి? మడగాస్కరున సింహము లేదు, ఏనుగు లేదు, జింక లేదు, తోడేలు లేదు, కోతి లేదు. శిలాజములలోను ఇవి కనబడవు. లీమర్లు నడచివచ్చిన దారిన ఏనుగులును జింకలును రాకుండుటకు కారణమేమి? నేల కలిసియున్నచో ఈ లోపమునకు సమాధానము లేదు. దారి లాటరీవంటిదైనచో సమాధానము సులభము. ఆఫ్రికానుండి మడగాస్కరునకు సముద్రము సుమారు 400 కిలోమీటర్లు. నేడు అచటి ప్రవాహములు అనుకూలముగా లేవని కొందఱు ఆక్షేపించిరి. 2010లో అలీ, హ్యూబర్ అను పండితులు గణితమువలన ప్రాచీనకాలపు ప్రవాహములను లెక్కించి, లీమర్ల పూర్వజములు దాటిన కాలమున నీరు ఆఫ్రికానుండి ఆ ద్వీపమువైపే ప్రవహించుచుండెనని చూపిరి.

దేవాంగపిల్లి విషయమున సాక్ష్యము మఱింత స్పష్టమైనది. ఈజిప్టులోని ఫయూమ్ ఎడారిలో దాని వంశమునకు చెందిన సుమారు 4 కోట్ల సంవత్సరములనాటి పండ్లు దొరకినట్లు 2003లో ప్రకటింపబడెను. పారిస్ నగరపు జిప్సము గనులలో దొరకగా 1821లో కూవియే వర్ణించిన ఆడాపిస్ అను జంతువు సైతము లీమర్ల బంధువే అని పిదప తేలినది. అనగా ఈ కుటుంబము ఒకప్పుడు ఆఫ్రికా, ఐరోపాలలో వ్యాపించియుండెను. నడుమనున్నవానిలో పెక్కు నశించి రెండు చివరలు మిగిలినవి. చివరలను మాత్రమే చూచినవారికి నడుమ ఒక ఖండము అవసరమైనది.

సముద్రపు అడుగును ఇదే మాట చెప్పినది. ఖండముల శిల తేలికైనది, 35 కిలోమీటర్లకు పైగా మందమైనది. మహాసముద్రపు అడుగున నల్లని బరువైన శిల సుమారు 7 కిలోమీటర్ల మందమే. తేలికైన ఖండము బరువైన శిలలో మునిగి మాయమగుట బెండు నీటిలో మునిగిపోవుటవంటిది. మఱి పూర్వకాలపు సామ్యములకు కారణమేమి? 1912లో వెగెనర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖండములే కదలినవని చెప్పెను. సింప్సన్ సైతము మొదట ఆ మాటను అంగీకరింపలేదు. 1960 తరువాత సముద్రపు అడుగును కొలిచిన పిమ్మట సందేహము తీఱినది. భారతభూమి సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట మడగాస్కరునుండి విడివడి ఉత్తరమునకు సాగి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఢీకొనెను. లీమర్లు మడగాస్కరు చేరునప్పటికే ఈ విడిపోవుట ముగిసి చాలకాలమైనది. కావున నేలలు ఒకప్పుడు కలిసియుండుట నిజమే గాని, లీమర్లు దానిపై నడచిరనుట నిజము కాదు.

సముద్రమున మునిగిన ఖండము లేకయే ఆఫ్రికా జంతువులు తెలుగునేలకు వచ్చిన సాక్ష్యము బేతంచెర్ల సమీపమున నున్నది. పూర్వము కర్నూలు జిల్లాలోను, నేడు నంద్యాల జిల్లాలోను గల బిలస్వర్గం గుహలలో 1884 ప్రాంతమున రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ త్రవ్వకములు జరిపిరి. 1886లో లైడెక్కర్ ఆ ఎముకలను పరీక్షించి, వానిలో బబూన్ జాతి కోతిని, నేడు ఆఫ్రికాలో మాత్రమే జీవించు మచ్చల దుమ్ములగొండిని గుర్తించెను. అచట దొరకిన ఖడ్గమృగమునకు కర్నూలు పేరనే నామకరణము చేసెను. ఆఫ్రికా, అరేబియా, పారసీకము, సింధు మీదుగా నేల ఎడతెగక కలిసియున్నది. వానలు మెండుగా కురిసి దారిలో గడ్డి పెరిగిన కాలమున జంతువులు చుట్టు తిరిగి నడచివచ్చినవి. ఇది సింప్సన్ చెప్పిన జల్లెడకు ఇంటిముంగిట గల ఉదాహరణము.

ఇంతకంటె ఎంతో ప్రాచీనమైన సాక్ష్యము హైదరాబాదునకు పడమటనున్న నస్కల్ గ్రామమున లభించినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనుపై కరగిన ఱాయి ప్రవహించి పొరలుపొరలుగా గడ్డకట్టెను. ఒక ప్రవాహమునకును మఱియొక ప్రవాహమునకును నడుమ ఏర్పడిన మడుగుల బురద నస్కల్‌లో మిగిలియున్నది. ఆ మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శినితో వెదకగా ఆవగింజంత పండ్లు కనబడినవి. 1988లో ప్రసాద్, సాహ్ని పండితులు వానిని ప్రకటించి, ఆ జంతువునకు దక్కను పేరు చేరునట్లు దక్కనోలెస్టిస్ అని పేరిడిరి. ఎలుకంతటి ఆ జీవి బంధువులు తరువాతి కాలపు ఆఫ్రికా, ఐరోపా శిలలలో కనబడినవి. అదే నస్కల్ మట్టిలో దొరకిన మఱియొక జాతి పండ్లను 1997లో ప్రకటించిరి. వాని బంధువులు మడగాస్కరునను, అర్జెంటీనాలోను కలవు. గోండుల పేరుమీద గోండ్వానా అని పిలువబడు ప్రాచీన మహాఖండమున ఈ నేలలన్నియు ఒక్కటియైయున్ననాటి చుట్టరికమునకు ఈ రెండవ పన్ను గుఱుతు. మొదటి పంటి బంధువులు ఏ దారిన దూరదేశములకు చేరినవో పండితులలో నేటికిని వాదము నడచుచునే యున్నది. ఆ వాదమును తీర్పవలసినది ఎవరి అభిమానమును కాదు, మఱికొన్ని పండ్లు.

అవి ఎచట దొరకునో ముందుగా చెప్పుట కష్టము. బావి త్రవ్వువాడు, సున్నపుఱాయి కొట్టువాడు, కాలువగట్టు తెగినచోట మట్టి ఎత్తువాడు వానిని మొదట చూచును. తెలియక ఱాయియని విసరివేసినచో నష్టము. అందముగానున్నదని తెచ్చి ఇంట అలమారులో పెట్టినను నష్టమే. ఏ పొరనుండి వచ్చినదో తెలియని ఎముకకు వయస్సు చెప్పువారు లేరు. వయస్సు తెలియని ఎముక ఏ వంతెనను గూర్చియు సాక్ష్యమీయజాలదు. గుఱ్ఱపు ఎముకలు శివాలిక్ కొండలలో ఏ పొరలో దొరకినవో వ్రాసిపెట్టినందుననే వలసల వరుస తెలిసినది. కావున అట్టి వస్తువు కనబడినప్పుడు పని కొంచెము ఆపి, ఎంత లోతున, ఏ మట్టిలో దొరకినదో వ్రాసి, సమీపపు పాఠశాల ఉపాధ్యాయునకు గాని, హైదరాబాదులోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయమునకు గాని తెలుపుట గ్రామస్థుల కర్తవ్యము.

లెమూరియా కథలో ఎముకలు అబద్ధమాడలేదు. విన్నవారు సగము విని లేచిపోయిరి. ఒక్క పుట చదివి గ్రంథమంతయు తెలిసినదనుకొనుట ఎంత ప్రమాదమో గ్రంథాలయమున కూర్చుండువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రామమునకు చదువు అలవఱచిన ఈ గ్రంథాలయము, వచ్చిన సాక్ష్యముతోపాటు రాని సాక్ష్యమును గూర్చియు ప్రశ్నించు పాఠకులను తరతరములకు తయారుచేయుచు వర్ధిల్లుగాక!